ఎదుటివాళ్ల కంట్లో పడని లైటు

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, ఒక రేకుల షెడ్డులో కార్లకు కరెంటు పని చేసే లాజరస్‌కు యాభై రెండేళ్లు. ఈ యాభై రెండేళ్లలో ఆయన తన తప్పు ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ లేదు. ఫ్యూజు కాలిపోతే అది తయారుచేసినవాడి తప్పు. హారన్ మోగకపోతే ఉప్పుగాలి తప్పు. ఇంకేదీ దొరక్కపోతే కారు తెచ్చినవాడి తొందర తప్పు.

అయితే పనిమంతుడే, కాదనడానికి లేదు. ఈ మధ్య పాత బల్బులు పీకించి తెల్లటి ఎల్ఈడీ బల్బులు పెట్టించుకోవడం ఊళ్లో అందరికీ మోజైపోయింది. చాలామంది మెకానిక్కులు బల్బు బిగించి, వెలిగింది కదా అని పంపించేస్తారు. లాజరస్ అలా కాదు. కారును షెడ్డు ఎదుట ఉన్న ప్రార్థన మందిరం గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబెడతాడు. పొద్దు గూకేదాకా ఆగుతాడు. గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా హెడ్‌లైటు వెనకున్న స్క్రూ తిప్పుతాడు. "లాజరస్ పెట్టిన లైటు రోడ్డు మీద పడతాది గానీ ఎదుటోళ్ల కంట్లో పడదు" అని ప్రతి ఒక్కరికీ చెప్తాడు. పాస్టరు గారు గోడకు సున్నం కొట్టించి గీతలు చెరిపేస్తే, రెండు రోజులు ఆయనతో మాట్లాడడు.

ఇంకో నియమం కూడా ఉంది. డిక్కీలో రోజూ ఏ బరువు మోస్తారో ఆ బరువుతోనే కారు తేవాలి. వెనక బరువు పడితే కారు ముక్కు పైకి లేస్తుంది, దానితోపాటు వెలుగూ లేస్తుంది.

రొయ్యల గుంటలు చేసే విజయభాస్కర్ దగ్గర మాత్రం ఆ నియమం తప్పింది. అతని డిక్కీ నిండా ఎప్పుడూ మేత బస్తాలే. లాజరస్ పెట్రోలు వాసనైనా పీలుస్తాడు గానీ ఆ మేత కంపు మాత్రం ఓర్చుకోలేడు. "భాస్కరన్నా, నీకు దండం పెడతా, ఆ బస్తాలు దించి, కడిగి తీసుకురా" అన్నాడు. విజయభాస్కర్ బుద్ధిగా దించి, కడిగి, పైగా రెండు అగరొత్తులు కూడా వెలిగించి తెచ్చాడు. లాజరస్ ఆ ఖాళీ కారుకే గీత కొలిచి, లైట్లు బిగించి, మెచ్చుకోలుగా బానెట్ మీద తట్టి పంపించాడు.

అది గురువారం. శుక్రవారం చీకటి పడ్డాక ఆయన భార్య రెబెక్కమ్మ మోకాళ్ల దాకా బురదతో స్కూటీ తోసుకుంటూ ఇంటికొచ్చింది.

నీకు బండి రాదులే అని లాజరస్ ఎగతాళి చేసినా వినకుండా, రెబెక్కమ్మ నలభై ఎనిమిదో ఏట బండి నేర్చుకుంది. మంగళవారం, శుక్రవారం పక్క ఊరి మందిరంలో ఆడవాళ్లకు పాటలు నేర్పిస్తుంది. అంతకుముందు లాజరస్ దింపేదాకా గుమ్మంలో నిలబడి ఉండేది, ఆయన సగం రోజులు మర్చిపోయేవాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమెకు సొంతంగా దొరికింది ఆ నాలుగు కిలోమీటర్లే.

"ఎదురుగా కారొచ్చినాది. ఆ వెలుగుకు ఏమీ కనబళ్లేదయ్యా, పొలంలోకి పోయినా" అంది. "ఆయనెవరో ఆపి, దెబ్బ తగిలిందా అమ్మా అన్నాడు. సిగ్గేసి మొహం ఎత్తకుండానే, ఏం లేదు పోండి అన్నా."

లాజరస్ ఆమె మోచేతికి మందు రాశాడు, బండి కడిగాడు. మనిషి చెడ్డవాడు కాదు, నోరే ఊరుకోదు. "వెలుగెక్కువైతే ఎవరన్నా పొలంలోకి పోతారా? నువ్వే కళ్లు మూసుకోనుంటావు" అన్నాడు. మర్నాడు టీకొట్టు దగ్గర నోటితో బండి చప్పుడు చేస్తూ, కాళ్లు పైకెత్తి, ఆమె పడిన తీరంతా ఆడి చూపించాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తిరిగి తిరిగి రెబెక్కమ్మ చెవిన పడింది. ఆమె గొడవ పడలేదు. తాళంచెవి తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఎవరికన్నా అమ్మెయ్యి" అని లోపలికి పోయింది.

మంగళవారం పొద్దు గూకే వేళ లాజరస్ టీ తాగి రోడ్డు వెంట ఇంటికి నడుస్తున్నాడు. ఎదురుగా వచ్చిన వెలుగు సూటిగా కళ్లలో పొడిచింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవుడ్రా ఈ లైట్లు పెట్టినోడు, బుద్ధుండాదా వాడికి!" అని అరిచాడు.

కారు ఆగింది. విజయభాస్కర్ తల బయటపెట్టి నవ్వాడు. "నువ్వే గదన్నా! ఏం లైట్లన్నా అవి! ఎదురొచ్చేవాళ్లు దూరంనించే పక్కకు దిగిపోతా ఉండారు. మొన్న శుక్రవారం ఒకామె పాపం బండితో సహా పొలంలోకే పోయినాది. ఆపి అడిగితే ఏం లేదు పొమ్మనింది."

లాజరస్ వెనక్కి పోయి డిక్కీ ఎత్తాడు. పది బస్తాలు. కారు వెనకభాగం నేలకు దిగి ఉంది. ముందుకొచ్చి, స్టీరింగు పక్కన లైట్ల ఎత్తు తగ్గించే చిన్న చక్రాన్ని చివరిదాకా తిప్పాడు. తాటిచెట్ల తలల మీదున్న వెలుగు దిగివచ్చి రోడ్డు మీద పడింది.

"బరువున్నప్పుడు ఇట్టా పెట్టుకో. రేపు బస్తాలతోనే రా, మళ్లీ కొలవాల."

"కంపు కొడతాది గదన్నా?"

"కొట్టనీ."

ఇంటిదాకా ఆయనకు ఒకటే లెక్క. ఆమె పేరు భాస్కర్‌కు తెలియదు, ఆ కారు ఎవరిదో రెబెక్కమ్మకు తెలియదు. నోరు మూసుకుంటే విషయం అక్కడితో పోతుంది. నోరు మూసుకోవడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు గానీ, ఈ ఒక్కసారికి నేర్చుకుందామనుకున్నాడు.

గుమ్మంలోకి వచ్చేసరికి రెబెక్కమ్మ పక్క ఊరి అబిగయీలుతో ఫోనులో మాట్లాడుతోంది. "నేను రాలేనే అబిగయీలూ. పాటలు మీరే పాడుకోండి. నాకు బండి తోలడం రాదు, మా ఆయన మొదటే చెప్పినాడు. నేనే ఇనలేదు."

లాజరస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె తిట్టినా, పది రోజులు మాట్లాడకపోయినా ఆయన తట్టుకునేవాడు. తన మాటను ఆమె నిజమని నమ్మేసిందే, అది తట్టుకోలేకపోయాడు.

"రెబెక్కా," అన్నాడు. "శుక్రవారం నీకెదురొచ్చిన కారు భాస్కర్‌ది, ఆ లైట్లు నేను పెట్టినవే. మేత బస్తాల కంపు ఓర్చుకోలేక ఖాళీ కారుకు కొలిచినా. ఆయనేమో బస్తాలేసుకోని తిరిగినాడు. తప్పు నాది."

ఆమె ఫోను గుండెకు ఆనించుకుని ఆయన వంకే చూసింది.

"అయితే నాకు తోలడం వచ్చా?"

"వచ్చు."

"గట్టిగా చెప్పు. అబిగయీలు కూడా ఇనాల."

"మా ఆవిడకు బండి తోలడం వచ్చు!" అని లాజరస్ వీధి వీధంతా వినబడేటట్టు అరిచాడు. "లైటు పెట్టడమే నాకు సరిగ్గా రాలేదు!"

రెబెక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫోను మళ్లీ చెవికి పెట్టుకుని, తాళంచెవి కోసం ఆయన ముందు చెయ్యి చాపింది. "ఇన్నావు గదే? అందరినీ కూర్చోబెట్టు. పది నిమిషాల్లో వస్తా ఉండా."