ఎడమ మూలన ఆకుపచ్చ ముక్క

థర్మోకోల్ అట్ట మీద బ్లేడు లాగితే కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు నా పళ్ళు ఇప్పటికీ జివ్వుమంటాయి, వెంటనే రాజవ్వ గుర్తుకొస్తుంది. నిన్న కొత్త బొమ్మకు గీతలు కోస్తూ అలాగే ఆగిపోయాను. సూరత్‌లో, అమ్రోలిలో మా పక్క గదిలో ఉండేది రాజవ్వ. మా నాన్నలాగే ఆమె భర్త కూడా సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించేది. మిగిలిన చిందీ గుడ్డపీలికలన్నీ సంచిలో దాచి, తీరిక దొరికినప్పుడు వాటితో అట్టల మీద బొమ్మలు చేసేది. సూది లేదు, దారం లేదు. అట్ట మీద బొమ్మ గీసి, గీతల వెంట సగం లోతు గాటు పెట్టి, గుడ్డ అంచుల్ని ఆ గాట్లలోకి దోపడమే. అందుకు ఆమె వాడింది మగ్గం మీద పోగులు లాగే పలుచని ఇనుప రేకు.

స్కూలు నుంచి రాగానే నేను ఆమె పక్కన చేరేదాన్ని. గుడ్డను గీతకు సరిగ్గా కత్తిరించి, నా అంత నేర్పరి లేదనుకుని మురిసిపోయేదాన్ని. రాజవ్వ నవ్వేది. "ఏంది బిడ్డా, గింత పిసినారితనం? అంచుకు జర ఎక్కువ ఇడువు. లోపటికి పోయిన గుడ్డనే బొమ్మను పట్టుకుంటది." నేను వినేదాన్ని కాదు. రెండు రోజులకు నా గుడ్డలన్నీ ఊడి కింద పడేవి.

ఆమె ప్రతి బొమ్మకూ కింద ఎడమ మూలన వేలిగోరంత ఆకుపచ్చ ముక్క ఉండేది. అక్కడ ఆకాశం ఉన్నా సరే, ఇసుక ఉన్నా సరే. ఎందుకు పెద్దమ్మా అని అడిగాను. "మీ బాపు గుడ్డ తాకా నేసినంక కొసకు మగ్గం నంబరు రాయడా? గుడ్డ ఎవల చేతిపనో తెల్వాలె గద. నాకు మగ్గం లేదు, నంబరు లేదు. గిదే నా నంబరు" అంది.

డిగ్రీ ఆఖరి ఏడాది మా కాలేజీలో ప్రదర్శన పెట్టారు. ఇంటి అలంకరణ సామాన్ల దుకాణం నడిపే ఒక మేడమ్ వస్తుందని, పని నచ్చితే ఉద్యోగం ఇస్తుందని చెప్పారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. అది రాకపోతే నేనూ చీరల ముందు కూర్చుని దారాలు కత్తిరించాల్సిందే. నేనూ రాజవ్వా కలిసి తాపీ నది మీది వంతెనను బొమ్మ చేశాం. వంతెన, ఆకాశం నావి. నీళ్ళు రాజవ్వవి. జారిపోయే జార్జెట్‌ను మడత మీద మడతగా దోపి ఆమె చేసిన నీళ్ళు కదులుతున్నట్టే ఉండేవి. ప్రదర్శన నాటి పొద్దున్న ఎడమ మూలన ఆమె పెట్టిన ఆకుపచ్చ ముక్కను పీకేశాను. ఇదేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? దాని చోట ఒక నీలం ముక్కను హడావిడిగా కుక్కాను.

రాజవ్వ చూడ్డానికి వస్తుందనుకోలేదు. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని వచ్చి నా వెనకే నిలబడింది. మేడమ్ నీళ్ళ మీద వేలు ఆనించి, "పానీ బహుత్ అచ్ఛా హై. కిస్‌నే బనాయా?" అని అడిగింది. "మైనే" అన్నాను, నేనే చేశానని. ఇన్నేళ్ళు సూరత్‌లో బతికిన రాజవ్వకు ఆ మాట అర్థం కాకుండా ఉంటుందా! మేడమ్ ముందుకు కదిలాక ఆమె వంగి ఎడమ మూలను తడిమింది. కొంగు ముడి విప్పి రేకు బయటికి తీసింది. "గీ ముక్క లూజుగున్నది బిడ్డా. ఊడితే నీ పేరు ఖరాబైతది" అంటూ నీలం గుడ్డను గాటులోకి గట్టిగా దోపింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడు కొడుకు పల్సానా మిల్లులో చేరితే రాజవ్వ అక్కడికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఆ రేకు మా అమ్మ చేతిలో పెట్టింది, నాకివ్వమని. పల్సానా ఏమంత దూరం? బస్సెక్కితే దిగడమే. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే మూడేళ్ళు గడిపేశాను. సిగ్గు నన్ను కాలు కదపనివ్వలేదు. చివరికి ఆమె పోయిందన్న కబురే వచ్చింది. చేసిన తప్పు ఒప్పుకునే దారిని చేతులారా మూసుకున్నాను.

ఇప్పుడు నా ప్రతి బొమ్మకూ ఎడమ మూలన ఆకుపచ్చ ముక్క ఉంటుంది. అడిగినవాళ్ళకు రాజవ్వ పేరు చెబుతాను, అడగనివాళ్ళకూ చెబుతాను. ఆ వంతెన బొమ్మ మాత్రం మా గోడ మీద అలాగే ఉంది. నిన్న పని ఆపి దాన్ని కిందికి దింపాను. నీలం ముక్క తీసి, ఆకుపచ్చది పెట్టాలనుకున్నాను. ఆమె రేకుతోనే అంచు పట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త లాగితే అట్ట పగులుతుంది, పక్కనున్న ఆమె నీళ్ళూ ఊడిపోతాయి. నా అబద్ధాన్ని రాజవ్వ అంత గట్టిగా దోపి వెళ్ళింది.