సగం దిగిన సూది

గుఢియారీ రైల్వే క్వార్టర్లలో కాంపౌండరు సూర్యారావు సైకిలు ఆగితే మాటలు వాటంతటవే తగ్గిపోయేవి. బక్కమనిషి. గాజు సిరంజిని మరిగే నీళ్లలోంచి పట్టకారుతో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. సూది మొనను దూది మీద లాగి, పోగు తగులుకుంటే ఆ సూదిని పక్కన పడేసేవాడు. పెన్సిలిన్ వచ్చి నాలుగేళ్లయినా ఆ పేరు గొంతు తగ్గించే పలికేవాడు. అది లేని రోజుల్లో బాలింత జ్వరంతో పోయినవాళ్లను ఆయన చాలామందిని చూశాడు.

ఆ మధ్యాహ్నం ఫైర్‌మన్ వెంకటస్వామి భార్య అప్పలనరసమ్మ, పురుడొచ్చిన అయిదోనాడు, అదే జ్వరంతో కాలిపోతోంది. నాగపూరు నుంచి మందు మర్నాటికిగాని రాదు. చేతిలో ఉన్నది ఒక్క సీసా. పాలలాంటి ఆ మందు సగం ఎక్కేసరికి సూదిలో బిగిసి ఆగిపోయింది. గట్టిగా నొక్కితే గాజు పగిలి మిగతాది నేలపాలవుతుంది.

"ఏటైంది బాబూ?" అంది అత్తగారు తాయారమ్మ.

"జరా ఆగమ్మా. మాటాడకు."

సూది బయటికి తీశాడు. తాయారమ్మ ఏడుపు మొదలెట్టింది. ఆయన తలెత్తలేదు. ఇంకో సూదిని స్టవ్వు మీది నీళ్లలో వేసి, అది మరిగే పది నిమిషాలూ సిరంజిని నిటారుగా పట్టుకుని కదలకుండా నించున్నాడు. తర్వాత దాన్ని సిరంజికి తగిలించి అవతలి వైపు గుచ్చి, కొంచెం వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుని మెల్లగా నొక్కాడు. చివరి చుక్కదాకా దిగింది.

మర్నాడు పొద్దున్న అప్పలనరసమ్మ పాపను తెమ్మని అడిగింది. ఆ కబురు చెప్పడానికి వెంకటస్వామి దవాఖానాకు పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా నాలుగు రోజులు సూది వెయ్యాలి. జ్వరం తగ్గిందని మానెయ్యకండి" అన్నాడు సూర్యారావు. మొహం కడుక్కొస్తానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.