ఉడకని గుడాలు

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి పక్కింట్ల బొబ్బెర్లు ఉడుకుతున్న వాసన. నాకు ఎనిమిదేండ్ల వయసున్నప్పటి ఒక సంగతి యాదికొచ్చింది.

అప్పుడు మేము భైంసా దగ్గర ఒక ఊర్ల ఉండేటోళ్లం. అవ్వ, అంటే మా అమ్మ, పత్తి ఏరబోయే ముందు గుడాల కోసం జొన్నలు, బొబ్బెర్లు కలిపి కుండల పోసి, పిడకల నిప్పు మీద పెట్టింది.

"పొద్దూకేదాక సన్నగ ఉడకాలె బిడ్డా. నువ్వు మూత తియ్యకు," అన్నది.

దగ్గర ఎవరూ లేకుంటే గింజలెట్ల ఉడుకుతయో నాకు అర్థం కాలే. మాటిమాటికి మూత తీసి చూసిన. జల్ది కావాలని నిప్పు ఊదిన. పిడకలన్నీ భగ్గున మండి బూడిదైనయి.

పొద్దూకినంక అవ్వ, బాపు వచ్చి తినబోతే గుడాలు పండ్ల కింద పటపటమన్నయి.

"గివి ఉడకనే లేదు గదనే," అన్నడు బాపు.

అవ్వ నా దిక్కు చూసింది. తిడుతదని నేను గోడకు ఒదిగిన. ఆమె పత్తికాయల మొనలు గీరిన వేళ్లతోని ఒక్కొక్క గింజ తీసుకొని నములుకుంట, కూసున్నకాడనే నిద్రవోయింది.

అవ్వకు కోపం రాలేదని నేను సంబరపడ్డ. నన్ను తిట్టే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదని, కొలువు చేసి అలిసిపోయి ఇల్లు చేరుతున్న ఈ వయసుల తెలుస్తున్నది.