బీరువాకెక్కిన బట్టమేక

పక్షులను గమనించడం నేర్పే నా శిక్షణ తరగతులకు వచ్చే పిల్లలు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ పనిలోకి రావడానికి మీరేం చదివారని. ఇప్పుడు పర్యావరణానికి డిగ్రీలున్నాయి, బైనాక్యులర్లు మెడలో వేసుకొని తిరిగే ఉద్యోగాలున్నాయి. మా కాలంలో జంతుశాస్త్రం చదివామంటే డాక్టరు సీటు రాలేదు కాబోలు పాపం అనుకునేవాళ్లు. కాలేజీలో కప్పను బల్లమీద పరిచి కోశాం, పామును సీసాలో చూశాం, పరీక్ష రాశాం. ప్రాణంతో ఉన్నదాన్ని ఒక్కదాన్నీ మాకు చూపలేదు. చూపాలని ఎవరికీ తోచలేదు. డిగ్రీ చేతికొచ్చేసరికి నాకు బొద్దింక పేగులు తెలుసు గానీ, మా చేనిగట్టు మీద కూసే పిట్ట పేరు తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది రొళ్ల దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. హిందూపురంలో సెలవు పెట్టిన టీచర్ల బదులు కొన్నాళ్లు పనిచేసి, అరవైల మొదట్లో పెనుకొండలో ఒక స్కూలుకు సైన్సు టీచరుగా వచ్చాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

ధర్మవరం పోయే దారిలో ఒక రైతుకు పెద్ద బీడు ఉండేది. అందులో ఒకరోజు బట్టమేక కనబడింది. మనిషి నడుము దాకా వచ్చే పిట్ట. చెట్టెక్కదు, గూడు కట్టదు, ఒక్క గుడ్డు నేలమీదే పెట్టి దానిమీద కూర్చుంటుంది. నేను చూసినప్పుడు అది గుడ్డుమీదే ఉంది. ఆ శనివారం నా తరగతిని తీసుకుపోయాను. ఒక బండ చాటున కూర్చొని దూరంనుంచే చూశాం. క్లాసులో నిమిషం కుదురుగా ఉండని పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అది లేచి, ముక్కుతో గుడ్డును మెల్లగా తిప్పి, మళ్లీ కూర్చుంది. నా చదువు మొత్తంలో అంత మంచి పాఠం నేను వినలేదు, చెప్పలేదు. ఇక అందరి ధ్యాసా ఒకటే, పిల్ల ఎప్పుడు బయటికొస్తుందా అని. మూడు నాలుగు సార్లు పోయాం.

అంతలో ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. ఆ రోజుల్లో సైన్సు టీచరును తూచేది బీరువాతో. సీసాలో తేలు, జింక కొమ్ములు, గడ్డి కూరిన పిట్ట, ఎన్ని ఉంటే అంత బాగా పాఠం చెప్తున్నట్లు. మా స్కూలు బీరువాలో ఒక తాబేటి చిప్ప తప్ప ఏమీ లేదు. అవ్వకు ఒంట్లో బాగాలేదంటే ఊరికి పోయి సోమవారం తిరిగొచ్చాను. హెడ్మాస్టరు గది ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ నా మొహం చూడలేదు.

లోపల బల్లమీద బట్టమేక. తోలు ఒలిచి గడ్డి కూరారు. కళ్ల చోట నల్ల గోళీలు.

హెడ్మాస్టరు మొహం వెలిగిపోతూ ఉంది. "నీ కోసమే టీచరమ్మా. పిల్లోళ్లు ఎండలో అంత దూరం నడ్సల్లంటే ఎంత కష్టం. బీడు ఆయప్పకు చెప్తే తుపాకీతో కొట్టి పంపిచ్చినాడు. ఇంగ ఈడనే చూపియ్యొచ్చు."

"గుడ్డుమీద కూచోనుండాది కదా సార్ అది" అన్నాను.

"అదీ తెప్పిచ్చినాలే" అని సొరుగు లాగి దూదిలో చుట్టిన గుడ్డు బయటికి తీశాడు.

ఆయన దుర్మార్గుడైతే బాగుండేది. నాలుగు మాటలని నా కోపం నేను తీర్చుకునేదాన్ని. నెలాఖరులో నాకు తిండికి లేదని ఇంటినుంచి క్యారియరు పంపిన మనిషి. నా ఉద్యోగం నిలబడాలనే చేశాడు. నా కళ్లలో నీళ్లు చూసి ఇంకోలా అర్థం చేసుకున్నాడు.

"జత లేదనా? బాధపడొద్దమ్మా. మొగది కూడా ఆ పక్కనే తిరుగుతా ఉండాదంట. కొట్టిస్తా."

సెలవు చీటీ కూడా ఇవ్వకుండా బయటపడి, దారిలో ఎడ్లబండి దొరికితే ఎక్కి ఆ రైతు ఇంటికి పోయాను. ఆయన అరుగుమీద కూర్చొని కలుపు కొడవలి నూరుకుంటున్నాడు. నేను నిలబడే అరిచాను. గుడ్డుమీదున్న దాన్ని కొట్టడానికి చేతులెట్లా వచ్చాయన్నాను. మొగదాని జోలికి పోతే ఊరుకోనన్నాను. ఊరుకోకుండా ఏం చేయగలనో నాకే తెలియదు.

ఆయన అంతా విన్నాడు. కొడవలి పక్కన పెట్టాడు.

"వద్దంటే కొట్టనమ్మా. నాకేం పని దాంతో? మా నాయన కాలంనుంచి అవి ఆ బీట్లోనే ఉండాయి. యా పొద్దూ ఎవురూ వాటిని ఏమనలేదు. సదువుకు కావల్లని నువ్వే గదా పిల్లోళ్లను తోలుకొచ్చి చూపిస్తాంటివి. సదువుకు పనికొస్తాదంటేనే కొడ్తి."

చెంప పగిలినట్లయింది. తిరిగొచ్చాను. ఇన్‌స్పెక్టరు బీరువా చూసి తెగ మెచ్చుకున్నాడు, నా ఉద్యోగం పర్మనెంటయింది. పిల్లలను బయటికి తిప్పడం నేను మానలేదు. కానీ గుడ్డుమీద కూర్చున్న పిట్టను ఎక్కడ చూసినా, మాట మార్చి, వాళ్లను ఇంకో దారిన నడిపిస్తాను.