కడమాను పక్కన మా రాయి

మా చిన్నతనంలో శివరాత్రి మర్నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పెద్దతాత ఇంటి అరుగు మీద వేట మొదలయ్యేది...

తుపాకీ లేదు, బల్లెం లేదు. ఉన్నవి రాళ్లే.

తమిళనాడులో ఒట్టన్‌చత్రం దాటి కొండల వైపు పోతే మా ఊరు. అందులో పదిహేడు తెలుగిళ్లు. వెనకటి తరం వాళ్లు ఆ రోజు నిజంగానే కొండెక్కి కడమానును వేటాడేవారట. కడమాను అంటే కొమ్ముల పెద్ద జింక... మీ వైపు కణుజు అంటారు. చట్టం వచ్చింది, అడవికి గార్డులు వచ్చారు, వేట ఆగిపోయింది. ఆగడమే మంచిది. కానీ వేటకు ముందు కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకునే కూటం ఉంది చూశారూ... దాన్ని మాత్రం మావాళ్లు వదల్లేదు. వేటకు పోకుండా ఏటేటా వేటకు ప్లాను వేసే మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు!

పెద్దతాత అంటే మా తాతకు అన్న. ఆయన అరుగు మీద సుద్దతో కొండ గీసేవాడు. వాగు, లోయ, గండి... అన్నీ. నడుమ ఒక తెల్లరాయి. అది కడమాను. ఇంటికొక రాయి తెచ్చి ఎవరి చోట వాళ్లు పెట్టాలి. డప్పు కొట్టేవాళ్లు ఇటు, వల పట్టేవాళ్లు అటు. వల ఎవరు పట్టాలన్న దాని మీద ఇద్దరు మామలు మూడేళ్లు మాట్లాడుకోలేదు. ఆ వలను అటక మీద ఎలుకలు కొరికేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు.

అంతా తేలాక, కడమాను పేరు చెప్పి ఒక గుమ్మడికాయను నరికేవారు. రాయి పెట్టిన ప్రతి ఇంటికీ ఒక పంగు, అంటే వాటా. వేటకుక్కకూ ఒక పంగు. రాయి లేని ఇంటికి మాత్రం లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయన పోయాడు. ఆ ఏడు అమ్మ మా రాయిని నా చేతిలో పెట్టి పంపింది. తను గడప దాటలేదు. నేను పోయి అరుగు కింద నిలబడ్డాను. నా బెంగ గుమ్మడి ముక్క కోసం కాదు. మా ఇల్లు ఇంకా ఒక ఇల్లుగా లెక్కకొస్తుందా లేదా అని.

"మొగోడు లేని ఇంటికి రాయి ఏలప్పా?" అన్నాడొక మామ.

పెద్దతాత అతని వైపు చూడను కూడా చూడలేదు. "ఆ ఇంట్లో పొయ్యి వెలగతా ఉందిరా" అని, నా వైపు తిరిగి "రా పాపా, నువ్వు పెట్టు" అన్నాడు.

నాయన చోటు డప్పుల దగ్గర. నేను మాత్రం నేరుగా పోయి మా రాయిని తెల్లరాయి పక్కన, దానికి ఆనించి పెట్టాను. అరుగంతా గొల్లున నవ్వింది.

"ఆడ ఏల పెట్టినావు? అది కడమాను కదమ్మా! దాన్ని కొట్టేకే అందరూ వచ్చుండేది!" అన్నాడు అదే మామ.

"అది ఒక్కటే ఉండాది తాతా..." అన్నాను పెద్దతాతను చూసి. ఏడుపొచ్చేసింది.

నవ్వులు ఆగాయి. పెద్దతాత మా రాయిని తీసి కొండకు తూర్పున ఉన్న గండిలో పెట్టాడు. వేటలో ఆ గండిని మూయరట. కడుపుతో ఉన్నది వచ్చినా, పిల్లతో ఉన్నది వచ్చినా, అక్కడి మనిషి దారి ఇవ్వాలి.

"ఈడ నిలబడేవాళ్లు అరవకూడదు, కొట్టకూడదు. చూసి వదలల్ల. నీకు సరిపోతాది" అన్నాడు.

ఆ రోజు మా పంగును నేనే రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ కూర వండుతూ ఏడ్చింది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

తర్వాత ఒక్కో ఇల్లూ కదిలింది. తిరుప్పూరు బనియన్ కంపెనీలకు కొందరు, కోయంబత్తూరు మిల్లులకు కొందరు... పోయే ప్రతివాళ్లతో పెద్దతాత ఒకటే అనేవాడు, "రాయి ఇచ్చి పోండప్పా, మీ చోటు నేను చూసుకుంటా" అని. నేను పదో తరగతికి వచ్చేసరికి ఆ అరుగు మీద మిగిలింది ఆయనా నేనూ. అయినా పదిహేడు రాళ్లూ పెట్టేవాళ్లం. వల కోసం లేనివాళ్ల తరఫున ఆయనే పోట్లాడేవాడు, ఆయనే రాజీ చేసేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

అమ్మకు కోయంబత్తూరు పీలమేడులో ఒక హాస్టల్లో వంటపని దొరికింది. మేమూ బయలుదేరిన రోజు, పెద్దతాత బస్సు దాకా వచ్చి నా ఒళ్లో ఒక గుడ్డసంచి పెట్టాడు. రాళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

"మరి నీకు తాతా?"

"నాకు కండ్లు మూసుకున్నా కనపడతాయిలే. నువ్వే మరిచిపోతావు."

మరిచిపోలేదు తాతా...

ఇప్పుడు పెద్దతాత లేడు. అమ్మా లేదు. నేను పీలమేడులోనే ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న శివరాత్రి మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, వంటింటి టైల్స్ మీద సుద్దతో కొండ గీశాను. నడుమ తెల్లరాయి పెట్టి, మిగతా ఇళ్ల పదహారు రాళ్లూ తడుముకోకుండా వాటి వాటి చోట పెట్టాను. ఫోటో తీసి చుట్టాల గ్రూపులో వేస్తే మూడు బొటనవేళ్లు వచ్చాయి. వల కోసం పోట్లాడిన మామల్లో ఒకరి మనవడు మాత్రం "ఇది ఏమి గేమ్ అత్తా?" అని అడిగాడు.

గుమ్మడికాయా కోశాను. పదిహేడిళ్లకూ, కుక్కకూ కలిపి పద్దెనిమిది పంగులు. ఒకటి వండుకున్నాను. ఒకటి కింద వీధికుక్కకు పెడితే, వాసన చూసి ముఖం తిప్పుకుంది. పదహారు ఫ్రిజ్‌లో ఉన్నాయి.

ఇక చేతిలో మా రాయి ఒక్కటే మిగిలింది. గండి ఎక్కడో నాకు బాగా తెలుసు. అయినా తీసుకెళ్లి తెల్లరాయి పక్కనే ఆనించి పెట్టాను...

ఈసారి ఎవరూ నవ్వలేదు. దాన్ని తీసి గండిలో పెట్టేవాళ్లూ లేరు.

(నేను చదివింది తమిళ బడి. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.) మీ ఊళ్లో కూడా ఇలా ఇంటింటికీ ఒక చోటు ఉండే రోజు ఏదైనా ఉండేదా? అందులో మీ ఇంటి చోటు ఏదో చెప్పండి... పీలమేడు వైపు ఉండేవాళ్లయితే, వచ్చి ఒక పంగు పట్టుకెళ్లండి.