బాకాల మేస్త్రి మోసిన రాత్రి

బ్యాండు వాయిద్యాలకు పడ్డ చిల్లులకు మాటు వెయ్యడంలో బాకాల మేస్త్రిది తిరుగులేని చెయ్యి. మనిషి మాత్రం ఉత్త పిరికివాడు. భార్య పోయినప్పటినుంచి గోడకు వేలాడే బాకాలు ఆయాసపడుతున్నట్టు వినిపించేది అతనికి. పని ఆపి చెవులు రిక్కిస్తే ఏమీ ఉండేది కాదు. సుత్తి అందుకుంటే మళ్లీ మొదలు. అది ఆమె ఆఖరి రోజుల ఆయాసమేనని అతని నమ్మకం.

ఊపిరితిత్తుల జ్వరాలు ఊరంతా పాకిన రోజులవి. మొగుడూ పెళ్లాలు కొన్నాళ్లు ఒకరినొకరు తాకకూడదని మేస్త్రి వదిన, అంటే భార్య అక్క, హుకుం జారీ చేసింది. బుద్ధిమంతులు, వెంటనే పడకలు వేరు చేసుకున్నారు. పగలు మాత్రం ఒకే బల్ల దగ్గర పని. మాటు వేసి ముందు ఇతను ఊదేవాడు. ఊదేవాడి చెవికి గాలి కారే చప్పుడు సరిగ్గా తెలియదు కనుక అదే బాకా ఆమె చేత ఊదించి వినేవాడు. అది పని, దానికి జబ్బుతో సంబంధమేమిటనుకున్నారు ఇద్దరూ.

ఒక రాత్రి ఆమే వచ్చి అతని పక్కలో పడుకుంది. ఆ వారంలోనే ఇద్దరికీ జ్వరం. అతను లేచాడు. ఆమె లేవలేదు.

"కొన్నాళ్లు ఓపిక పట్టలేకపోయావా మరిదీ?" అంది వదిన. ఆ మాట గుండెలో దిగబడిపోయింది. వాళ్లిద్దరి ఆఖరి సుఖం ఆ రాత్రే. దాన్ని తలుచుకోవాలంటేనే ఇప్పుడతనికి వణుకు.

నిద్ర పట్టక, చివరికి సిగ్గు చంపుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆ జబ్బు ఆలుమగల కలయికతో అంటుకుంటుందా అని నేల చూపులు చూస్తూ అడిగాడు. ఆమె నవ్వలేదు. అలాంటి జబ్బులు పాకేది ముఖ్యంగా ఊపిరితో, దగ్గుతో, నోటి తుంపరలతో అని విడమరిచి చెప్పింది. కలయికే కారణమని చెప్పలేమంది. కాకపోతే అంత దగ్గరగా ఉన్నప్పుడు ఒకరి ఊపిరి ఒకరికి తగలకుండా ఎలా ఉంటుంది? ఆ మాటకొస్తే పక్కపక్కన కూర్చుని పని చేసినా చాలునంది.

మేస్త్రి బాకాల సంగతి చెప్పాడు. డాక్టరమ్మ అంతా విని ఇలా అంది:

"అయితే ఆ రాత్రికి ముందే అంటుకుని ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికన్నది ఇప్పుడు తేల్చలేం. ఆవిడకే ముందు వచ్చి, మీకు అంటించి ఉండొచ్చు కూడా."

పాపం, బరువు దించుదామనే చెప్పింది. మేస్త్రి దిగ్గున లేచి నిలబడ్డాడు. వదిన ముందు ఏనాడూ పెగలని గొంతు ఇప్పుడు పెగిలింది. చావుకి ముందు భర్తకు జబ్బు తెచ్చిపెట్టిందన్న మాట తన భార్య మీద పడటం అతను భరించలేకపోయాడు.

"ఆమె మీద వెయ్యకండమ్మా," అన్నాడు. "నేనే అంటించాను. అలాగే ఉండనివ్వండి."