రోజారమణికి జత

అబిగయీలు టీచరుది తోటపల్లి గూడూరు. ఆమె పనిచేసే బడి రొయ్యల గుంటలు దాటాక, సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో ఉంది. రెండు గదుల బడి. రెండో టీచరు బదిలీ అయ్యాక ఆ చోటికి ఎవరూ రాలేదు. ఐదు తరగతులూ ఆమే చూసుకుంటుంది.

ఆమె గురించి చెప్పుకోవాల్సింది శనివారం ఇచ్చే ఇంటిపని. పాలెంలో చాలా ఇళ్లలో చదివి చెప్పే పెద్దవాళ్లు లేరు. విడిగా పని ఇస్తే పిల్లలు ఖాళీ పలకలతో వచ్చేవారు. అందుకని ఆమె వాళ్లను జతలు చేసింది. ఆదివారం ఒకరి ఇంటికి ఒకరు పోవాలి. ఒకరు పుస్తకం చూసి మాటలు చదవాలి, రెండోవాళ్లు చూడకుండా రాయాలి. తర్వాత వీళ్లు చదవాలి, వాళ్లు రాయాలి. సోమవారం పొద్దున ఇద్దరూ కలిసి పలకలు చూపించాలి. ఒకరు చేయకపోతే ఇద్దరూ చేయనట్టే.

ఆదివారం చర్చిలో కూర్చుని ఆమె పాలేన్ని తలుచుకునేది. వలల పక్కన, పడవల నీడలో పిల్లలు గట్టిగా మాటలు చదువుతూ ఉంటారు. ఆమె పెదాలు కదలడం చూసి భర్త కృపాదానం నవ్వేవాడు.

"ప్రార్థన చేస్తుండావా, హాజరు తీసుకుంటుండావా?"

కార్తీకం వెళ్లాక ఒక సోమవారం బడి నిశ్శబ్దంగా ఉంది. పిల్లలు వచ్చారు. కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ గిల్లలేదు. నాలుగో తరగతి రోజారమణి చుట్టూ చాప ఖాళీగా ఉంది. ఆమె జత కావేరి గోడవైపు జరిగి, ఇంకో ఇద్దరు పిల్లలతో ఇరుక్కుని కూర్చుంది.

"రోజా, పలక ఏదమ్మా?"

రోజారమణి లేచి నిలబడింది. పలక మీద ఏమీ లేదు.

"కావేరి రాలా, టీచరు."

కావేరి తల దించుకుంది.

మధ్యాహ్నం వంట చేసే కామమ్మ అందరికీ అన్నం పెట్టింది. రోజారమణి దగ్గరికి వచ్చేసరికి గరిటె గిన్నెలో వదిలి పక్కకు పోయింది. టీచరే వడ్డించింది. తర్వాత కామమ్మను గది వెనక్కి పిలిచింది.

"ఏంది కామమ్మా ఇది? బిడ్డకు అన్నం పెట్టవా?"

"దురాయి వేసినారు టీచరమ్మా. ప్రసాదు వాళ్ల ఇంటి మీద. వాళ్లతో మాట్లాడకూడదు, నీళ్లు ఇయ్యకూడదు, నిప్పు ఇయ్యకూడదు, గడప తొక్కకూడదు."

"ఏం చేసినాడు ప్రసాదు?"

"ఊళ్లో తగువును స్టేషన్‌కు తీసకపోయినాడు. తీర్పు చెప్పే కాపులు ఉండంగా పోలీసుల్ని పిలుచుకొచ్చినాడు." కామమ్మ గొంతు తగ్గించింది. "పెట్టినోళ్ల మీద కూడా వేస్తారు టీచరమ్మా. నాకు ఇద్దురు ఆడపిల్లలు."

"బడికి దురాయి ఏంది?" అంది అబిగయీలు టీచరు.

కామమ్మ కొంగు దోపుకుంది. గిన్నె కడగడానికి పోయింది.

ఆ శనివారం టీచరు జతలు మార్చలేదు. ఒక్కో జత పేర్లూ చదివింది. కావేరి, రోజారమణి అని చదివినప్పుడు గదిలో ఎవరో చిన్నగా దగ్గారు. ఆమె కావేరిని దగ్గరికి పిలిచి చెప్పింది.

"ఇది నేను ఇచ్చిన పని. ఎవరైనా అడిగితే టీచరు చెప్పిందను."

సోమవారం కావేరి పలక నిండా మాటలున్నాయి. రోజారమణి పలక కూడా నిండింది. ఒక్క తప్పు లేదు.

"ఎట్ల చేసినారు?"

"దడి ఇవతల నిలబడి మెల్లగా చదివినా టీచరు," అంది కావేరి. "గడప తొక్కలా."

అబిగయీలు టీచరుకు సంతోషం పట్టలేదు. ఇద్దరినీ ముందుకు పిలిచింది. రెండు పలకలూ పైకెత్తి అందరికీ చూపించింది. కావేరి దడి దగ్గర నిలబడి చదివిన సంగతి తనే గట్టిగా చెప్పింది. చప్పట్లు కొట్టమంది.

ఎవరూ కొట్టలేదు. ముందు వరుసలో ఒకటో తరగతి పాప రెండు చేతులూ ఎత్తింది. పక్కనున్న అక్క ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

కావేరి ముఖం తెల్లబడింది. ఆ ముఖం చూశాక గాని టీచరుకు తానేం చేసిందో తెలియలేదు. దడి దగ్గర జరిగింది అప్పటిదాకా ఇద్దరు పిల్లలకే తెలుసు.

మంగళవారం కావేరి రాలేదు. ఆ తెల్లవారుజామున ఆమె తండ్రి పడవ నెట్టడానికి ఒక్క మనిషి కూడా రాలేదని కామమ్మ చెప్పింది. టీచరు వైపు చూడకుండా, పొయ్యితో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

సాయంత్రం పెద్దకాపు ముత్యాలయ్య బడికి వచ్చాడు. చెప్పులు మెట్టు కింద విడిచి, కండువా సర్దుకుని, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"టీచరమ్మా, మీరంటే మాకు గౌరవం. మా పిల్లకాయలు పేరు రాస్తుండారంటే మీ చలవ."

"ఆ పిల్ల ఏం చేసిందన్నా?"

"పిల్లేం చెయ్యలా. ప్రసాదుకు పుట్టింది, అంతే."

"కావేరి నేను చెప్తే పోయింది. తప్పు నాది. వాళ్ల నాయన్ను వదిలిపెట్టండి."

"అదే నేనూ చెప్పొచ్చినా." ముత్యాలయ్య ప్రేమగా నవ్వాడు. "తప్పు మీదని మీరే చెప్పండి. నాకు గాదు, పిల్లకాయలకు చెప్పండి. ఆ పిల్లకు జత లేదని చెప్పండి. ఇంటికి పోయి వాళ్లే ఊరికి అప్పజెప్తారు. మీరు నేర్పించినదే గదా."

"చెప్పకపోతే?"

"కావేరి వాళ్ల నాయన మంచోడు," అన్నాడు ముత్యాలయ్య. "పోయొస్తానమ్మా."

ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచింది. కావేరిని విడిపించాలంటే రోజారమణి ముందు ఆ మాట అనాలి. అనకపోతే ఇద్దరు పిల్లలూ బడికి దూరమైపోతారు. ఆలోచించడానికి అంతకన్నా ఏమీ లేదు. అయినా తెల్లవారేదాకా ఆలోచించింది.

బుధవారం పొద్దున బల్ల పట్టుకుని నిలబడి చెప్పింది. కావేరిని పంపడం తన తప్పు. ఇకమీదట రోజారమణికి జత లేదు. పిల్లలు పాఠం విన్నంత శ్రద్ధగా విన్నారు. రోజారమణి పలక మీద ఏదో రాస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

మరుసటి రోజు కావేరి తండ్రి పడవ నీళ్లలో దిగింది. కావేరి బడికి వచ్చింది. వచ్చి, రోజారమణికి అందరికన్నా దూరంగా కూర్చుంది.

శనివారం టీచరు జతలు చదవడం ముగించింది. పిల్లలు సంచులు తీసుకుని పోయారు. రోజారమణి ఒక్కతే చాప మీద మిగిలింది.

"నేను ఇంక రావద్దా టీచరు?"

"ఎవరన్నారు?"

"అమ్మ అంటుండాది. ఎవురూ మాట్లాడని కాడికి పోయి ఏం చేస్తావు, ఇంట్లో ఉండు అంటుండాది."

అబిగయీలు టీచరు ఆ పిల్లను చూసింది. సోమవారం నుంచి రాదని ఆమెకు అర్థమైంది. మాన్పించడానికి ఎవరూ గట్టిగా పూనుకోనక్కర్లేదు.

"నీకు జత నేను," అంది. "రేపు మీ ఇంటికొస్తా. మాటలు నేను చదువుతా, నువ్వు రాయి."

ఆదివారం చర్చి అయ్యాక కృపాదానం ఆమెను బండి మీద తీసుకొచ్చాడు. దారిలో ఒకటే మాట అన్నాడు.

"నీకేం, ఊరిదానివి కాదనుకుంటుండావు. ఆ బడి వాళ్ల ఊళ్లోనే ఉండాది."

అతను గుంటల గట్టు దగ్గర ఆగిపోయాడు. ఆమె ఇసుకలో నడిచి ప్రసాదు ఇంటికి పోయింది. ప్రసాదు లేచి నిలబడ్డాడు, ఏం అనాలో తెలియక చాప వేశాడు. అతని భార్య తలుపు పట్టుకుని నిలబడింది.

చుట్టుపక్కల వాకిళ్లలో పిల్లలు మాటలు చదువుతున్నారు. కొన్ని గొంతులు ఆమె గుర్తుపట్టింది. ఆమె పుస్తకం తెరిచి మొదటి మాట చదివింది. రోజారమణి రాసింది. రెండో మాట చదివింది. పక్కింటి వాకిట్లో చదువుతున్న గొంతు ఆగింది. ఆమె ఇంకొంచెం గట్టిగా చదివింది. దాని అవతలి గొంతు కూడా ఆగింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ ఆగిపోయాయి. తలుపులు మూసుకోలేదు. జనం వాకిళ్లలో కూర్చుని చూస్తూనే ఉన్నారు. వాళ్ల చూపులో కోపం లేదు.

పాలెం మొత్తం మీద ఆమె గొంతు ఒక్కటే వినిపించింది, పుస్తకంలో ఆఖరు మాట దాకా.

సోమవారం ఆమె రోజూ ఎక్కే పాలెం ఆటో ఆగలేదు. లోపల చోటు ఉంది. డ్రైవరు రాజ్ కుమార్ ముందుకు చూస్తూ పోయాడు. గుంటల గట్టు మీద ఆమె నడిచి వచ్చింది. దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నమస్కారం పెట్టినవాళ్లు లేరు.

బడి వెనక పొయ్యి చల్లగా ఉంది. ఆమె తలుపు తీసి, గది ఊడ్చి, బోర్డు మీద తేదీ వేసింది. గంట కొట్టింది. కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో పిల్లలు సంచులతో నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక వాళ్ల అమ్మలు ఉన్నారు. కావేరి భుజం మీద ఒక చేయి ఉంది. ఎవరూ కదలడం లేదు.

వాళ్ల మధ్య నుంచి రోజారమణి నడిచి వచ్చింది. తల దువ్వుకుని, రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. ఖాళీ గదిలో తన చోటులోనే కూర్చుంది.

"అందరూ ఎప్పుడొస్తారు టీచరు?"

అబిగయీలు టీచరు హాజరు తీయడం మొదలుపెట్టింది. ఒకటో తరగతి నుంచి, ఒక్కో పేరూ చదివి, కాసేపు ఆగి, తర్వాతి పేరుకు పోయింది.